గిడుగువారి జయంతినాడు మనం తలచుకోని భాష



ఆగస్టు 29 వచ్చిందంటే మా తణుకులోనూ ఏదో ఒక సభ జరుగుతుంది. తెలుగు భాషా దినోత్సవం కదా! నన్నయభట్టు భారతరచనకు పూనుకొన్న రాజమహేంద్రవరానికి దగ్గరివాళ్ళం; భాషాభిమానం మాకు కాస్త ఎక్కువే. ఒక ఏడు సభలో నన్ను కూడా మాట్లాడమన్నారు. నాకన్న ముందు మాట్లాడిన పెద్దలందరూ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి వ్యావహారిక భాషోద్యమాన్ని కొనియాడి, ఇంగ్లీషు ధాటికి తెలుగు అంతరించిపోతున్నదని వాపోయారు. 'సవర' అన్న మాట మాత్రం ఒక్కరి నోటా వినబడలేదు.

రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల మీది సవరల మాట తెలియక, వారి దగ్గరే నేర్చుకొన్నారు. ఆ భాష తెలుగుకు చుట్టం కూడా కాదు. ముండా భాషాకుటుంబానికి చెందినది. ఆయన దానికి వ్యాకరణం వ్రాశారు (1931), నిఘంటువులు కూర్చారు, సవర పిల్లలకు స్వంత ఖర్చుతో బడి పెట్టి వారి భాషలోనే చదువు చెప్పించారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకొన్నారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చి చేరారు. అంటే చివరి రోజుల్లో ఆయన మన గోదావరి ఒడ్డువారే. పండితుల తెలుగును ప్రశ్నించడానికీ, సవరల నుడిని నేర్వడానికీ వెనుక ఉన్నది ఒకే బుద్ధి: బిడ్డ నోట పలికే మాటకు బడిలో చోటుండాలని. మనం అందులో మనకు కావలసిన సగం తీసుకొని, రెండవ సగాన్ని కొండల మీదే వదిలివేశాము.

ఇతరులను అనడం తేలిక కనుక, నా తప్పు కూడా చెప్పుకొంటాను. సుమారు నలభై యేళ్ళ క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మన్యంలోని ఒక పాఠశాలకు తెలుగు పండితునిగా వెళ్ళాను. శబ్దరత్నాకరం, బాలవ్యాకరణం కరతలామలకమన్న గర్వం నాకుండేది. ఒక కోయపిల్లవాడు దాహమై 'ఏరు' కావాలన్నాడు. "ఏరు తాగుతావట్రా? అగస్త్యుడివా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కోయభాషలో 'ఏరు' అంటే మంచినీళ్ళని నాకు తెలిసేసరికి ఆ పిల్లవాడు నా తరగతిలో నోరు విప్పడం మానివేశాడు. సంవత్సరాంతం వరకు మాట్లాడలేదు. తెలుగు రానివాడని నేనే వానికి తక్కువ మార్కులు వేశాను. భాష రానిది ఎవరికి?

తెలుగును 2011 జనగణనలో 8 కోట్లమందికి పైగా మాతృభాషగా చెప్పుకొన్నారు. కోయ, సవర భాషలవారు ఒక్కొక్కటి నాలుగు లక్షల పైచిలుకు. కొండ, గదబ భాషలవారు వేలల్లోనే. ఇంగ్లీషు మనకేమి చేస్తున్నదని మొరపెట్టుకొంటున్నామో, మన తెలుగు వారికి తరతరాలుగా అదే చేస్తున్నది. ఆ మాట ఒప్పుకోకుండా మనం చేసే భాషోద్యమానికి నైతికబలం ఉండదని నా అభిప్రాయం.

"కోయభాష కూడు పెడుతుందా?" అని మిత్రులొకరు అడిగారు. తెలుగు కూడు పెడుతుందా అని అడిగేవారికి మనం చెప్పే సమాధానమే దీనికీ సమాధానం. కోయ చాలు, తెలుగు వద్దని ఎవరూ అనడం లేదు. తెలిసిన మాటలతో అక్షరం పట్టుబడిన బిడ్డకు తెలియని భాష నేర్వడం తేలిక అవుతుంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమనే చెబుతున్నది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, సవర, గోండి, కొలామి, కువి, కొండ మొదలైన ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలోనే, వాచకాలు తయారుచేసి బోధన మొదలుపెట్టారు. పుస్తకం వేసినంత మాత్రాన సరిపోదు. ఆ భాష వచ్చిన పంతులు ఆ బడిలో నిలవాలి.

లిపుల సంగతీ అంతే. సవరభాషకు 1936లో మంగయి గమాంగొ రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడులో చోటు దొరికింది. ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గోండి లిపికి 2018లో దొరికింది. సంతోషమే. కానీ కంప్యూటరులోకి ఎక్కిన అక్షరం పిల్లవాని పలకమీదికి దిగితేనే భాష బ్రతుకుతుంది.

భాష ఊరిని అంటిపెట్టుకొని ఉంటుంది. పోలవరం ప్రాజెక్టు వలన కోయపల్లెలు కదలిపోయాయి. ఇళ్ళకూ పొలాలకూ లెక్కలు కడతారు. చెట్టుకూ, చేపకూ, వాగు మలుపుకూ ఉన్న పేర్లకు పరిహారపు పట్టికలో గడి ఉండదు. 2010లో అండమానులో బోవా అనే వృద్ధురాలు కన్నుమూయడంతో 'బో' భాష ఆమెతోనే పోయింది. ఆ స్థితి వచ్చేదాకా ఆగి అప్పుడు సంతాపసభ పెట్టడం భాషాసేవ కాదు.

మన్యంలో పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీరు విన్న మాటలను, చెప్పినవారి అనుమతితో, అర్థంతో సహా తెలుగు అక్షరాలలో వ్రాసి పెట్టండి. ఇప్పటికీ అక్కడ పాఠం చెబుతున్నవారు, ఉదయం తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలను వారి భాషలో ఒక్క మాట పలకరించండి. నేను ఆ పని చేయలేకపోయాను.

వచ్చే ఆగస్టు 29న సవరలను కూడా తలచుకొందాం. అదే గిడుగువారికి పూర్తి నివాళి.

విజ్ఞులు తమ అభిప్రాయాలు తెలుపగలరు. పొరపాట్లుంటే దిద్దగలరు.