సముద్ర తీరాన మూడు రోజులు

సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం నడుపుకునే ఒక సోదరుడు గత శీతాకాలంలో ఒకనాడు ఇషా నమాజు తరువాత మా వద్దకు వచ్చి కూర్చున్నారు. వారి వివాహమై 19 ఏళ్ళు. ఇన్నేళ్ళలో దంపతులిద్దరూ కలిసి బంధువుల పెళ్ళిళ్ళకు, పరామర్శలకు తప్ప మరెక్కడికీ వెళ్ళలేదు. ఉదయం పది గంటలకు దుకాణం తెరవడం, రాత్రి పదింటికి మూయడం, అంతే జీవితం. ఆమెకు సముద్రం చూడాలని ఏనాటి నుండో కోరిక. పిల్లలు నానమ్మ దగ్గర ఉండగలిగే వయసుకు వచ్చారు. అందువల్ల విశాఖపట్నం చెంత ఋషికొండ తీరాన ఒక పెద్ద రిసార్టులో మూడు రాత్రులకు గది తీసుకున్నారు. ఆ మూడు రాత్రుల ఖర్చు దుకాణం ఒక నెల అద్దెతో సమానం.

“మౌలానా సాబ్, అటువంటి చోట బస చేయడం మాకు తగునా? అక్కడ నమాజు ఎలా? భోజనం ఎలా?” అని అడిగారు.

ఇటువంటి ప్రయాణాలు నేడు మన ఇళ్ళలో పెరుగుతున్నాయి కనుక మేము ఆనాడు చెప్పిన సమాధానాన్ని మొదట పాఠకుల ముందుంచుతున్నాము.

భార్యను వెంటబెట్టుకొని ప్రయాణించడం, ఆమెను సంతోషపెట్టడం ధర్మసమ్మతమే కాదు, సంకల్పం మంచిదైతే పుణ్యకార్యం కూడా. హైదరాబాద్ నుండి విశాఖ 600 కిలోమీటర్లకు పైగా దూరం. హనఫీ పండితులు ప్రయాణికుడికి నిర్ణయించిన దూరం సుమారు 78 కిలోమీటర్లు. అక్కడ ఉండేది 15 రోజులకు తక్కువ కనుక జుహర్, అసర్, ఇషా నమాజులలో నాలుగు రకాతుల ఫర్జు రెండుగా చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం ఆయనతోపాటు పూర్తిగా చేయాలి.

మన ఇంటి గోడకున్న వేళల పట్టికను అక్కడ నమ్ముకోరాదు. విశాఖ మనకు తూర్పున ఉంది. అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు 20 నిమిషాలు ముందే ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. హైదరాబాద్ లెక్కన తీరికగా లేచినవారికి ఫజర్ తప్పిపోతుంది. సముద్రం అక్కడ తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. కాబట్టి నమాజులో సముద్రాన్ని వెనుక ఉంచుకోవాలి.

గదిలోని చిన్న ఫ్రిజ్‌లో మద్యం సీసాలు పెట్టి ఉంటే, గదిలో అడుగుపెట్టగానే వాటిని తీసివేయమని కోరాలి. సిబ్బంది అభ్యంతరం చెప్పరు. మాంసం విషయంలో సందేహం ఉంటే చేపతో సరిపెట్టుకోవచ్చు. చేప హలాల్ అన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. రొయ్య విషయంలో హనఫీ పండితులలో రెండు అభిప్రాయాలున్నాయి. పీతను వారు అనుమతించలేదు. వండే నూనె, పెనం వేరుగా ఉన్నాయా అని అడగడానికి సిగ్గుపడనక్కర లేదు. స్త్రీ పురుషులు కలిసి ఈదే కొలనుకు దూరంగా ఉండాలి. ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. తీరం శుభ్రమైనదే, అయినా సముద్రం సముద్రమే. ఈత రానివారు మోకాలి లోతు దాటరాదు.

ఇవన్నీ విని ఆ సోదరుడు సంతోషించి వెళ్ళారు. మేము కూడా మా కర్తవ్యం నెరవేరిందనే అనుకున్నాము.

పది రోజుల తరువాత దంపతులిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆమె లోపల మా ఇంటివారితో మాట్లాడింది. ఆయన మా ముందు తలవంచుకొని కూర్చున్నారు. తమవంటి వారికి ఉపయోగపడుతుందని, పేర్లు లేకుండా రాయవచ్చునని ఇద్దరూ అనుమతించారు కనుక రాస్తున్నాము.

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి హోటల్ చేరింది మొదలు ఆయన ఫోను ఆగలేదట. గదికి సముద్రం వైపు వరండా ఉంది. ఆమె అక్కడ కుర్చీలో కూర్చొని అలలను చూసేది. ఆయన గదిలోనో, కింద తోటలోనో అటూ ఇటూ తిరుగుతూ ఎవరితోనో మాట్లాడేవారు. ఉదయం ఫలహారశాలలో లెక్కలేనన్ని వంటకాలు. పళ్ళేలు నింపుకొనేవారు, తినేవారు, వచ్చేసేవారు. దంపతుల మధ్య మాట మాత్రం లేదు. రెండవనాడు మగ్రిబ్ తరువాత ఆమె ఇలా అన్నదట: “ఏవండీ, ఇంట్లో కూడా నేను ఒంటరిగానే ఉంటాను. అక్కడ దానికి అద్దె కట్టనక్కర లేదు కదా.”

ఆయన బదులు పలకలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. మరునాడు ఫజర్ తరువాత ఫోను గదిలోనే వదిలి ఆమెను తీరానికి తీసుకువెళ్ళారు. జాలర్లు పడవలను ఇసుక మీదికి లాగుతున్న వేళ, తడి ఇసుకలో నడుస్తూ, రెండేళ్ళుగా దాచిన సంగతి చెప్పారు. 2020 లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళ సరుకు అమ్ముడుపోక నిలిచిపోయింది. దానిని సర్దుబాటు చేయడానికి చేసిన అప్పు మీద అప్పు పెరిగింది. ఇప్పుడు టోకు వర్తకులకు ఇవ్వవలసిన బాకీ దుకాణంలోని సరుకు విలువను మించిపోయింది. ఆ ఫోనులన్నీ బాకీదారులవే.

“మరి ఈ హోటల్ ఎందుకు?” అని ఆమె అడిగింది.

“నువ్వు 19 ఏళ్ళలో ఒక్కటే అడిగావు. లేదని చెబితే ఎందుకని అడుగుతావు. అప్పుడు అంతా చెప్పవలసి వస్తుంది” అన్నారాయన.

ఆమె ఏడ్చింది. అప్పు గురించి కాదు. “రెండేళ్ళు నా పక్కన పడుకొని ఇంత బరువు మోశారు. నాకు సగం ఇవ్వడానికి నేను పరాయిదాన్నా?” అన్నదట. ఆనాటి మధ్యాహ్నమే వారు గది ఖాళీ చేశారు. మిగిలిన రాత్రి డబ్బు తిరిగి రాలేదు. ఇల్లు చేరాక ఇద్దరూ కూర్చొని బాకీలన్నీ ఒక కాగితం మీద రాశారు. ఒక్కొక్క వర్తకుని వద్దకు వెళ్ళి గడువు కోరాలని నిర్ణయించారు. తన నగలలో కొన్ని అమ్మి కొంత తీర్చుదామని ఆమే అన్నది. ఆ నగలు ఆమె సొత్తు. వాటిపై భర్తకు హక్కు లేదు. ఆమె మనఃపూర్వకంగా ఇస్తేనే తీసుకోవాలని, దానిని కూడా అప్పుగా రాసుకోవడం మేలని మేము ఆ సోదరునికి స్పష్టంగా చెప్పాము.

వారు వెళ్ళిన తరువాత మా ఇంటివారు ఒక మాట అన్నారు: “ఖిబ్లా చెప్పారు, కసర్ చెప్పారు, రొయ్య సంగతి చెప్పారు. మీకు బాకీలున్నాయా అని ఒక్క మాట అడగలేదు.”

నిజమే. అది మా లోపం. 30 ఏళ్ళుగా బోధిస్తూ కూడా, అడిగిన దానికి మాత్రమే జవాబివ్వడం మాకు అలవాటైపోయింది. అప్పు నుండి శరణు వేడుకోవడం దైవప్రవక్త (స) నమాజులో చేసే దుఆలలో ఒకటి. అంతగా ఎందుకు వేడుకుంటారని ఒకరు అడిగినప్పుడు, అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే తప్పుతాడని ఆయన (స) కారణం చెప్పారు. ఈ హదీసును మేము విద్యార్థులకు ఎన్నిసార్లు పాఠంగా చెప్పామో లెక్కలేదు. ఎదుట కూర్చున్న మనిషి ముఖంలో దానిని చదవలేకపోయాము.

ప్రయాణంలో భార్యతో ఎలా ఉండాలో కూడా హదీసు గ్రంథాలలోనే ఉంది. రాత్రివేళ పయనంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి) పక్కనే సాగుతూ ఆమెతో మాట్లాడేవారు. మరొక ప్రయాణంలో ఆమెతో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్ళీ పందెం వేసి ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని చమత్కరించారు. అక్కడ భవంతి లేదు, వరండా లేదు. ఎడారి ఉంది, మాట ఉంది.

దివ్య ఖుర్ఆన్ దంపతులను ఒకరికొకరు వస్త్రమని పోల్చింది. బట్టల వ్యాపారికి ఈ పోలిక వివరించనక్కర లేదు. వస్త్రం మన లోపాలను లోకం కంట పడనివ్వదు, కానీ తానే ఒంటికి అంటి ఉంటుంది. భార్యకు తెలియకుండా కప్పుకున్నది ఏదైనా ఆ వస్త్రానికి, ఒంటికి మధ్య దూరిన ముల్లే.

కనుక సోదరులారా, సముద్ర తీరానికి వెళ్ళదలచినప్పుడు గది తీసుకునే ముందే ఆదాయం, బాకీలు భార్య ముందుంచండి. గడువు దాటిన బాకీ ఉండగా విలాసానికి ఖర్చు చేయడం బాకీదారుని హక్కుకు భంగం. చేతిలో ఉన్నది తక్కువైతే బాపట్ల దగ్గర సూర్యలంక తీరం ఉంది. రాత్రి రైలెక్కితే పొద్దునకు చేరవచ్చు. సాదా వసతిలో ఒక్క రోజు చాలు. సోదరీమణులారా, మీ భర్త మీ కోరికను కాదనకుండా ఒప్పుకొని మౌనంగా ఉంటే, ఆ మౌనం ఎందుకో ఒకసారి మృదువుగా అడగండి.

ఆ దంపతులు ఇప్పటికి ముగ్గురు వర్తకుల బాకీ తీర్చారు, ఇంకా నలుగురిది మిగిలి ఉంది. శుక్రవారం మధ్యాహ్నాలు దుకాణం మూసి ఇద్దరూ కలిసి భోజనం చేస్తున్నారని ఆ సోదరుడు మొన్న చెప్పారు. మా ఇంటివారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె చిరునవ్వు నవ్వి, “మనం సముద్రం ఎప్పుడు చూస్తాము?” అని అడిగారు. మా వివాహమై 28 ఏళ్ళు. ఈసారి జవాబుకు ముందు మేము లెక్కల పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాము.