ఎన్ని గంటలకొస్తడు?

తిరుమలగిరిలో ఏ ఇంట్లోనో పెద్దప్రాణం పోయింది, కొడుకేమో దుబాయ్‌లో ఉన్నాడు అనుకోండి. కడచూపు కోసం వాకిట్లో కూర్చున్నవాళ్లు అడిగే మొదటి మాట: "పిలగాడు ఎన్ని గంటలకొస్తడు?"

దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. అక్కడ రాత్రి పదింటికి లేచిన విమానం ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి దిగుతుందంటే ఐదు గంటలనుకుంటాం. అందులో గంటన్నర మన గడియారం ముందుండటం వల్ల వచ్చిందే. ప్రయాణం మూడున్నర గంటలే. అదే వెళ్లేటప్పుడైతే నాలుగు దాకా పడుతుంది. అంత ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. వచ్చేవాణ్ణి తోస్తుంది, పోయేవాడికి ఎదురొస్తుంది.

ఆలస్యమంతా నేల మీదే! విమానానికి మూడు గంటల ముందే రమ్మంటారు. శంషాబాద్‌లో దిగాక పాస్‌పోర్టు వరుస, పెట్టె కోసం పడిగాపులు ఓ గంట. ఆపైన భువనగిరి, మోత్కూరు మీదుగా కారులో ఇంకో మూడు గంటలు. అన్నీ కలిపితే పదిన్నర. ఇక సేటు సెలవిచ్చి, టికెట్ దొరికేదాకా పట్టే సమయం ఎవరి లెక్కకూ అందదు. అందుకే పిల్లవాడు అక్కడి ఎయిర్‌పోర్టుకు చేరానని ఫోన్ చేశాకే వాకిట్లో వాళ్లకు వేళ చెప్పండి.