చిన్న గాటు... పెద్ద దూరం

పోయిన వేసవిలో ఒక రాత్రి మా ఆడపడుచు ఏడేళ్ల కొడుకుని భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. "వదినా, పిల్లోడు కడుపునొప్పని పొర్లాడతాండాడు. ఏం చేసేదో తెలీడం లేదు" అని ఒకటే ఏడుపు. ఆమె భర్త కువైట్‌లో ఉన్నాడు. మా రాయచోటిలో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగైనా ఉంటాయి. బిడ్డకు జ్వరమొచ్చినా, పెళ్లొచ్చినా నిర్ణయం ఆడదానిదే, అనుమతి మాత్రం ఫోనులో రావాలి.

మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. పొద్దున్నే ఏలికపాములకు మాత్ర వేశాం. మూడో రోజు మూత్రం ఎర్రగా పోశాడు. "వేడి చేసిందిలే" అన్నారు ఇంట్లో అందరూ. వేడి చేయడం అనే ఆ ఒక్క మాట మన ఇళ్లల్లో ఎన్ని జబ్బుల్ని దాచిపెట్టిందో! డిగ్రీ చదివినదాన్ని, నాలుగు కథలు రాసినదాన్ని, నేను కూడా బుద్ధిగా సబ్జా గింజలు నానబోశాను. మరో నాలుగు రోజులు గడిచాక గానీ స్కానింగు తీయించలేదు. కుడి కిడ్నీలో 14 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు.

"పిల్లోనికి రాయేంది వదినా? అది పెద్దోళ్ల జబ్బు గదా!" అంది మా ఆడపడుచు. ఆ ప్రశ్నకి సమాధానం నా దగ్గర లేదు. మీలో చాలామందికీ తెలిసి ఉండదని ధైర్యంగా చెప్పగలను.

ఎందుకంటే మనం పేపర్లో చదివే కిడ్నీ రాళ్ల వార్తలన్నీ పెద్దవాళ్లవే. 2022లో హైదరాబాదు ఆస్పత్రిలో నల్గొండ జిల్లా వాసి ఒకరి కిడ్నీ నుంచి గంటలో 206 రాళ్లు తీశారని చదివాం. 2024లో అదే నగరంలో ఇంకొకరికి 418 రాళ్లు తీశారట. పొట్ట కోయకుండా, చిన్న రంధ్రం చేసి. అబ్బురమే, కాదనను. కానీ ఆ వార్త చదివి కాఫీ తాగేసి లేచిపోతాం. పసిపిల్లలకూ రాళ్లొస్తాయని, వాళ్లకూ ఆ చిన్న రంధ్రపు వైద్యం ఉందని, అది మనకు ఎంత దూరంలో ఉందో ముందే తెలుసుకోవాలని ఎవరం అనుకోం.

మొదట చూపించిన చోట "కోసి తీయాల" అన్నారు. మా ఆడపడుచు అక్కడే కూలబడింది. ఒకప్పుడు నిజంగానే అంతే. పక్కటెముకల కింద జానెడు గాటు, వారాల తరబడి మంచం. ఆ పద్ధతి మారడం స్వీడన్‌లో మొదలైంది. 1976లో అక్కడి వైద్యులు వీపు నుంచి కిడ్నీలోకి సన్నని దారి చేసి రాయి బయటికి తీయవచ్చని చూపించారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో అసలు గాటే లేకుండా, బయటినుంచి షాక్‌వేవ్స్ అనే అలలతో రాయిని పిండి చేశారు. వీపు దారి పద్ధతిని పిల్లలకు చేసిన అనుభవాలు 1985లో వైద్య పత్రికల్లోకి ఎక్కాయి.

అయితే అప్పటి పరికరాలన్నీ పెద్దవాళ్ల కొలతలవి. మామూలుగా ఆ దారి 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. ఏడేళ్ల పిల్లవాడి కిడ్నీ మొత్తం పొడవే ఎనిమిది సెంటీమీటర్లకు అటూ ఇటూ! ఇరవై కిలోల బిడ్డ ఒంట్లో రక్తం దాదాపు లీటరున్నర. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని రక్తస్రావం ఆ బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే 1998లో అమెరికా వైద్యులు పిల్లల కోసమే నాలుగు మిల్లీమీటర్ల లోపు దారితో 'మినీ పెర్క్' అనే పద్ధతిని ప్రచురించారు. అంటే మన పిల్లలు రాసుకునే పెన్సిలు కంటే సన్నం. 2011లో మన దేశంలోనే, గుజరాత్‌లోని నడియాడ్ మూల్జీభాయ్ పటేల్ ఆస్పత్రి వైద్యులు 'మైక్రో పెర్క్' ఫలితాలు ప్రకటించారు. దాని దారి 1.6 మిల్లీమీటర్లు. గోనెసంచి కుట్టే దబ్బనమంత అనుకోండి!

ఇప్పుడు పిల్లల రాళ్లకు ప్రధానంగా మూడు మార్గాలు. ఒకటి, బయటినుంచి అలలతో పగలగొట్టడం. పెద్దవాళ్ల కంటే పిల్లల మూత్రనాళాలు ఆ ముక్కల్ని సులభంగా బయటికి పంపుతాయట. కానీ బిడ్డ కదలకుండా ఉండాలి గనుక మత్తు ఇవ్వాలి, ఒక్కోసారి రెండు మూడు విడతలు పడుతుంది. రెండు, మూత్రం వచ్చే దారిగుండానే సన్నని గొట్టం పంపి లేజరుతో రాయిని పొడి చేయడం. దీనికి గాటే లేదు. అయితే పిల్లల నాళం మరీ సన్నగా ఉంటే ముందు స్టెంట్ పెట్టి, కొన్నాళ్లాగి మళ్లీ రమ్మంటారు. మూడు, నేను చెప్పిన వీపు దారి. రాయి పెద్దదైతే, రెండు సెంటీమీటర్లు దాటితే ముఖ్యంగా, దీనివైపే మొగ్గుతారు. ఏది మంచిదంటే రాయి ఎంతుంది, ఎక్కడుంది, ఎంత గట్టిది, బిడ్డ కిడ్నీ నిర్మాణం ఎలా ఉంది అన్నవాటిమీద ఆధారపడుతుంది. "కోత లేని ఆపరేషన్" అని బోర్డు మీద చూసి మనం ఎంచుకునేది కాదు. చిన్న గాటు అంటే చిన్న ఆపరేషన్ అనుకోవడమూ తప్పే. మత్తు మత్తే, ఇన్‌ఫెక్షన్ భయం భయమే. పిల్లలకు మత్తు ఇచ్చే అనుభవమున్న డాక్టరు ఉన్నారా అని తల్లి అడగాలి.

అసలు సమస్య ఆ అడగడం దగ్గరికి చేరడమే. మా ఊరినుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ దిగి యాభై కిలోమీటర్ల పైచిలుకు. తిరుపతి స్విమ్స్ 1993 నుంచి ఉంది, యూరాలజీ విభాగమూ ఉంది. కానీ అది ఇంకా దూరం. అక్కడా తెగకపోతే మా తాతల కాలం నుంచి మాకు వేలూరే. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఈనాటి ఎన్టీఆర్ వైద్యసేవ, కిడ్నీ రాళ్ల చికిత్సల్ని జాబితాలో చేర్చింది. అది ఎంత మేలో పేద తల్లులకు తెలుసు. కానీ 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని నెట్‌వర్కు ఆస్పత్రులు సేవలు ఆపిన రోజులూ చూశాం. పెద్దల తగవు తెగేదాకా బిడ్డ నొప్పి ఆగుతుందా? పైగా కార్డు ఆపరేషన్‌కే. తోడు వచ్చినవాళ్ల తిండి, పోయిన కూలి, ఇంట్లో వదిలిన చంటిబిడ్డ, ఇవేవీ ఏ జాబితాలోనూ ఉండవు.

ఉద్దానం కిడ్నీ జబ్బుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ తల్లుల ఏళ్ల కన్నీళ్లకు దక్కిన ఫలితమది, సంతోషమే. వాళ్లది వేరే జబ్బు, రాళ్లది కాదు. కానీ ఎండలు మండే, నీళ్లు కరువైన మా సీమలో పిల్లల మూత్రపిండాల సంగతి కూడా ఎవరో ఒకరు లెక్క తీయాలి కదా!

మా మేనల్లుడికి చివరికి దూరాన ఒక పెద్దాసుపత్రిలో మినీ పద్ధతిలో రాయి తీశారు. మూడో రోజుకి ఇంటికి పంపారు. మచ్చ కందిగింజంత. మా అత్తగారు వెదికి మరీ చూసి "ఇంతేనా!" అన్నారు. రాయిని చిన్న సీసాలో వేసి చేతికిచ్చారు. దాన్ని మా ఆడపడుచు దేవుడి గూట్లో పెట్టింది!

నా బాధంతా ఇక్కడే. ఆ రాయి ఉండాల్సింది దేవుడి గూట్లో కాదు, ల్యాబులో. అది దేనితో తయారైందో పరీక్ష చేస్తే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. లోపల స్టెంట్ ఉందని, ఫలానా తేదీకి తీయించాలని కూడా చీటీలో ఓ మూల రాశారు గానీ నోటితో చెప్పలేదు. నొప్పి తగ్గింది కదా అని మరచిపోతే ఆ స్టెంట్ చుట్టూ మళ్లీ రాయి పేరుకుంటుందట. ఆ చీటీ నా చేతిలో పడబట్టి సరిపోయింది. చదువురాని తల్లి అయితే?

పిల్లల్లో రాయి వచ్చిందంటే చాలాసార్లు వెనక ఒక కారణం ఉంటుంది. పుట్టుకతో మూత్రమార్గంలో అడ్డు ఉండొచ్చు, పదేపదే ఇన్‌ఫెక్షన్లు రావొచ్చు, మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుండొచ్చు. సిస్టిన్, ఆక్సలేట్ రాళ్లు వచ్చే కొన్ని వంశపారంపర్య లోపాలూ ఉన్నాయి. అవి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడతాయి. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. మా ఆడపడుచుది మేనరికమే. ఈ మాట బయటికి రాగానే ఇంట్లో అందరి చూపూ ఆమె మీదికే తిరిగింది. లోపం ఇద్దరి నుంచీ వస్తే నింద ఒక్కరికే ఎందుకు? నిందకు ఖర్చు లేదు, పరీక్షకు ఉంది. అందుకే మనవాళ్లు నిందతో సరిపెట్టుకుంటారు.

ఇక మన వంటింటి వైద్యం. ఉలవకట్టు, అరటిదూట రసం, కొండపిండాకు... తిండిగా తినే ఉలవలతో తంటా లేదు. వాటిని నమ్ముకుని నెలలు గడపడమే ప్రమాదం. అంతకంటే పెద్ద పొరపాటు పిల్లలకు పాలు మానిపించడం. పాలల్లోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టేస్తుంది. పాలు మానితే ఆక్సలేటే ఎక్కువ ఒంట్లోకి పోతుంది. 2008లో చైనాలో దాదాపు మూడు లక్షలమంది పిల్లలు పాలపొడి వల్ల జబ్బుపడ్డారు, చాలామంది కిడ్నీల్లో రాళ్లు తేలాయి. అయితే ఆ తప్పు పాలది కాదు, అందులో కలిపిన మెలమైన్‌ది. తగ్గించాల్సింది ఉప్పు. ఊరగాయలు, చిప్స్ పొట్లాలు. పెంచాల్సింది నీళ్లు.

ఆ నీళ్ల దగ్గరే కథ మళ్లీ ఆడపిల్లల మీదికి వస్తుంది. 2019లో కేరళ బడుల్లో మొదలైన 'వాటర్ బెల్' మన రాష్ట్రానికీ వచ్చింది. గంట కొడితే పిల్లలు నీళ్లు తాగాలి. మంచిదే. మా పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లనడిగాను, "తాగుతావా?" అని. "తాగితే ఒంటికి పోవాలనిపిస్తాది గదక్కా. ఆ బాత్రూముల్లోకి ఎవరు పోతారు?" అంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకునే ఆ పిల్ల నీళ్ల సీసా నిండుగానే ఇంటికి వస్తుంది. మరుగుదొడ్డి కడగని బడిలో నీళ్ల గంట ఎన్నిసార్లు మోగితే ఏం లాభం?

తల్లులకు నా మనవి ఒక్కటే. బిడ్డ మూత్రం ఎర్రగా వస్తే, మాటిమాటికీ కడుపునొప్పీ వాంతులూ అయితే, మూత్రానికి ఏడుస్తూ పోతే 'వేడి' అనుకోకండి. స్కానింగుకు కోత లేదు, నొప్పి లేదు. ఆపరేషన్ అయితే రాయిని పరీక్షకు పంపారా, స్టెంట్ ఉందా, ఎప్పుడు తీయాలి, మళ్లీ ఎప్పుడు చూపించాలి అని నోరు తెరిచి అడగండి.

మేం ఆ సీసాని దేవుడి గూట్లోంచి తీసి, ఆలస్యంగానైనా పరీక్షకు పంపించాం. మా ఆడపడుచు దాన్ని ఇస్తూ "రిపోర్టులో ఏమొచ్చినా నాకే ముందు చెప్పు వదినా" అంది. భర్తకో, అత్తకో కాదు, తనకే. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవకుండా మాట్లాడిన మొదటి మాట అది.