‘స్ట్రక్’ అయ్యారా... ‘స్టక్’ అయ్యారా?

ఆఫీసుకు ఆలస్యమైన ఉద్యోగి ట్రాఫిక్‌లోంచి బాస్‌కు మెసేజ్ పంపుతాడు... ‘ఐ యామ్ స్ట్రక్ ఇన్ ట్రాఫిక్’ అని. ఇరుక్కుపోయానన్నది అతని ఉద్దేశం. ఇంగ్లిష్‌లో మాత్రం ట్రాఫిక్‌లో దెబ్బ తగిలిందన్న అర్థం వస్తుంది. ఇరుక్కుపోతే అనాల్సిన మాట ‘స్టక్’. అది అంటుకోవడమనే అర్థమున్న ‘స్టిక్’ నుంచి వచ్చింది. ‘స్ట్రక్’ ఏమో ‘కొట్టు’ అనే అర్థమున్న ‘స్ట్రైక్’కు భూతకాల రూపం. తేడా ఒక్క రకారమే!

బాస్ దగ్గరైతే ఈ పొరపాటు నవ్వుతో పోతుంది. అమెరికాలో చదువుకుంటున్న మన అమ్మాయి ప్రమాదం జరిగి 911కు ఫోన్ చేసిందనుకోండి. ‘షి వాజ్ స్ట్రక్ బై ఎ కార్’ అంటే స్నేహితురాలిని కారు ఢీకొట్టిందని. ‘షి ఈజ్ స్టక్ ఇన్ ఎ కార్’ అంటే కారులో ఇరుక్కుపోయిందని. ఒక మాటకు బదులు మరొకటి వాడితే అవతలివాళ్లు సంగతి అర్థం చేసుకునేసరికే విలువైన క్షణాలు గడిచిపోతాయి.

‘స్ట్రైక్’కు చాలా అర్థాలున్నాయి. గడియారం గంట కొట్టినా, పిడుగు పడినా, అగ్గిపుల్ల గీసినా ‘స్ట్రైక్’ అనే అంటారు. ఆలోచన తట్టినా అంతే. హాజరుపట్టీలో పేరు కొట్టేస్తే ‘స్ట్రక్ ఆఫ్’. చట్టాన్నో, పథకాన్నో కోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేస్తే ‘స్ట్రక్ డౌన్’. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు అలాగే కొట్టివేసింది. పిటిషన్‌ను కొట్టేస్తే మాత్రం ‘డిస్మిస్డ్’ అనాలి.

మరి సమ్మెను స్ట్రైక్ అని ఎందుకన్నారు? ఓడ తెరచాపను కిందికి దించడాన్నీ ‘స్ట్రైక్’ అనేవారు. 1768లో లండన్‌లో నావికులు తెరచాపలు దించేసి, ఓడలు కదలకుండా చేశారు. అక్కణ్నుంచే పని ఆపేయడానికి ఆ పేరు వచ్చిందంటారు.

అలాగని మన ‘కొట్టు’ ఉన్నచోటల్లా స్ట్రైక్ కుదరదు. కొబ్బరికాయ కొడితే ‘బ్రేక్’, చప్పట్లు కొడితే ‘క్లాప్’. ఇక ‘స్ట్రక్డ్’ అనే మాటే లేదు. స్ట్రైక్, స్ట్రక్, స్ట్రక్... ఇవే మూడు రూపాలు. ‘స్ట్రికెన్’ అన్నది ఎక్కువగా కరవు, దుఃఖం, జబ్బు వంటివాటి బారిన పడినప్పుడు విశేషణంగా వాడతారు.

పిల్లలకు ఒక్క ముక్క నేర్పితే చాలు: ఇరుక్కుంటే స్టక్, దెబ్బ తగిలితే స్ట్రక్!