కరువు బౌలింగ్ నేర్పదు

ఈమధ్య మా అనంతపురంలో ఒక సన్మాన సభ జరిగింది. వేదిక మీది పెద్దాయన ఒకరు మైకు అందుకుని, "ఈ కరువు నేలే మన ఆడబిడ్డలకు కసి నేర్పింది, కష్టాలే వాళ్లను ఇండియా జట్టు దాకా నడిపించినాయి" అన్నారు. హాలంతా చప్పట్లు. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచి, కడప బిడ్డ శ్రీచరణి 14 వికెట్లతో మెరిసినప్పటి నుంచి ఈ మాట ప్రతి చోటా వినబడుతోంది. వినీ వినీ నాకు ఒళ్లు మండుతోంది. కరువు ఎవరికీ ఏమీ నేర్పదు. పిల్లల్ని బడి మాన్పిస్తుంది, అప్పులపాలు చేస్తుంది, బెంగళూరుకు వలస పంపిస్తుంది.

బారెడ్డి అనూషనే చూడండి. ఊరు నార్పల మండలం బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట ప్రారంభించిన ఊరు అది. వాన కురవక, శెనక్కాయ చేతికి రాక, పని లేక జనం ఊళ్లు విడుస్తున్న జిల్లా కాబట్టే వాళ్లు ఇక్కడికి వచ్చారు. అప్పటికి అనూషకు మూడేళ్లు కూడా నిండలేదు. 2023 జూలై 9న ఆ పిల్లే మీర్‌పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరఫున టీ20 ఆడింది, ఎడమచేతి స్పిన్నర్‌గా. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉంది.

ఆ రెండు తేదీల మధ్య పనిచేసింది కరువు కాదు, ఆర్డీటీ. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆ స్వచ్ఛంద సంస్థ అనంతపురంలో క్రీడాగ్రామం కట్టింది. నీళ్లు పెట్టి పెంచిన పచ్చిక, సరైన పిచ్, నెట్స్, కోచ్‌లు, వేళకు తిండి. స్పిన్నర్ కావాలంటే ఒకే చోట బంతి పడేలా ఏళ్ల తరబడి, రోజుకు వందసార్లు వేయాలి. గులకరాళ్ల బయల్లో పడిన బంతి ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? అక్కడ వేళ్లు ఏం నేర్చుకుంటాయి? 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ మైదానంలోనే జరిగాయి. శ్రేయస్ అయ్యర్‌ను చూడటానికి జనం ఎగబడ్డారు. మంచిదే. అదే గడ్డి మీద మన ఆడపిల్లలు సాధన చేసే పొద్దుల్లో అటు తొంగిచూసినవాళ్లు ఎందరు?

పత్రికల మీద నా కోపం ఇంకా పెద్దది. మట్టిలో మాణిక్యం, ముళ్లబాటలో పువ్వు... శీర్షిక ముందే సిద్ధంగా ఉంటుంది. అమ్మానాన్నల్ని గుమ్మం ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు, కూలి ఎంత, పొలం ఎంత అని అడుగుతారు. పిల్ల బంతిని ఎలా తిప్పుతుందో, ఏ బ్యాటర్‌కు ఎక్కడ వేస్తుందో ఒక్క వాక్యం ఉండదు. మగవాళ్ల క్రికెట్ రాసేటప్పుడు లైనూ లెంగ్తూ, ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి పేదరికం! శ్రీచరణి తండ్రి పనిచేసింది రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ)లో. అయినా ఆమె కథకూ కరువు రంగే పూశారు.

ప్రతిభ ఉంటే ఎలాగైనా బయటపడుతుందంటారు. బయటపడనివాళ్ల పేర్లు మనకు తెలియవు కాబట్టి ఆ మాట చెల్లుతోంది, అంతే.

అసలు లెక్క డబ్బుది. 2022 అక్టోబర్‌లో భారత క్రికెట్ బోర్డు మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టీ20కి 3 లక్షలు, వన్డేకి 6 లక్షలు. అది దేశానికి ఆడేవాళ్ల సంగతి. రాష్ట్రానికి ఆడే పిల్లకు రోజుకు 20 వేలే. అది 50 వేలు కావడానికి 2025 డిసెంబర్ రావాల్సి వచ్చింది. డబ్బు ఒక్కటే కాదు, తల్లయిన ఆటగత్తెకు ఆసరా కూడా కావాలి. విశాఖ స్నేహ దీప్తి 2013లో, పదహారేళ్లకే ఇండియాకు ఆడింది. తర్వాత తల్లయింది. 2023లో ఢిల్లీ క్యాపిటల్స్ వేలంలో తీసుకునేదాకా పదేళ్లపాటు ఆమెను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందరు? పాకిస్తాన్ బోర్డు 2021లో తల్లులయ్యే క్రీడాకారిణులకు ఏడాదిపాటు జీతంతో సెలవిచ్చే నిబంధన పెట్టింది. కాబట్టే బిస్మా మారూఫ్ చంటిబిడ్డను ఎత్తుకుని 2022 ప్రపంచకప్‌కు కెప్టెన్‌గా రాగలిగింది. ఆమెను మైదానానికి తెచ్చింది కసి కాదు, కాగితం మీద రాసిన నిబంధన.

కష్టాలే ఆటగత్తెల్ని తయారుచేసేవైతే, నార్పలలో, కళ్యాణదుర్గంలో, మడకశిరలో వాటికేం కొదవ? ఈపాటికి జట్టంతా మనవాళ్లే ఉండాలి.

శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇవ్వాల్సిందే, ఆమె సంపాదించుకుంది. కానీ గెలిచాక ఇచ్చేది గెలిచినవాళ్లకే అందుతుంది. ఆర్డీటీ ఒక్కటే ఈ జిల్లా మొత్తాన్ని ఎన్నాళ్లు మోస్తుంది? ప్రతి నియోజకవర్గానికీ ఒక టర్ఫ్ పిచ్, దానికి నీళ్లిచ్చే బోరు, నెలనెలా జీతం అందుకునే ఒక మహిళా కోచ్, ఆడపిల్లలకు ఏడాది పొడవునా మ్యాచ్‌లు కావాలి. నిధులు ఏ శాఖవో, నీళ్లు ఎక్కడివో జిల్లా అధికారులూ ఆంధ్రా క్రికెట్ సంఘమూ కూర్చుని తేల్చుకోవాలి. బండ్లపల్లి బడిలో ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న పిల్లకు ఆ పిచ్ ఈ ఏడాదే కావాలి.