ప్రాథమిక వైద్యంలో కులం, మౌనం

వైవాహిక అత్యాచారంపై మన చర్చ న్యాయస్థానాల చుట్టూనే తిరుగుతోంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ సైతం, 18 ఏళ్లు నిండిన భార్యపై భర్త సాగించే బలాత్కారాన్ని అత్యాచార నిర్వచనం నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు పోవాల్సిందే. కానీ బాధితురాలు ముందుగా మెట్లెక్కేది కోర్టువి కాదు. నడుంనొప్పి, తెల్లబట్ట, నిద్రపట్టకపోవడం వంటి బాధలతో ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. అక్కడ నోరు విప్పగలదా అన్నది కులంతో ముడిపడిన ప్రశ్న.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురైన వివాహిత స్త్రీలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశంలో ఇటువంటి హింసను అనుభవించిన స్త్రీలలో మూడొంతుల మందికి పైగా సాయం కోరనూ లేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు.

ఈ మౌనం అందరికీ ఒకటి కాదు. దళితవాడ స్త్రీ గాయాన్ని చూసి ‘వాళ్లలో ఇది మామూలే’ అనుకునే సిబ్బంది, ఆమె బాధను కుల లక్షణంగా మార్చేస్తారు. ఆధిపత్య కులపు కోడలి విషయంలో ‘పెద్దింటి పరువు’ తలచుకుని అడగనే అడగరు. ఒకచోట హింస సహజమవుతుంది, మరోచోట అసంభవమవుతుంది. రెండుచోట్లా ఓపీ చీటీలో మిగిలేది నడుంనొప్పే. పైగా భర్త కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే దళిత స్త్రీకి అత్యాచారాల నిరోధక చట్టం అండ ఉండదు. వాడ పరువు తీయవద్దన్న ఒత్తిడి సొంతవాళ్ల నుంచే వస్తుంది.

అయినా వైద్యుల చేతులను చట్టం కట్టేయలేదు. 2005 గృహహింస చట్టం లైంగిక హింసనూ గృహహింసగా గుర్తించి, కోరిన బాధితురాలికి వైద్యసాయం అందించి తీరాలంది. చికిత్సకు పోలీసు ఫిర్యాదు షరతు కాదని 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. గర్భస్రావ చట్టం వర్తింపు మేరకు భర్త బలాత్కారాన్నీ అత్యాచారంగానే చూడాలని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

కావలసింది ఆచరణ. భర్తను, అత్తను బయట కూర్చోబెట్టి ఆమెతో ఏకాంతంగా మాట్లాడాలి. చెప్పింది నమ్మాలి. 72 గంటల్లోపు వస్తే అత్యవసర గర్భనిరోధక మాత్ర, అవసరాన్ని బట్టి హెచ్ఐవీ నివారణ మందులు ఇవ్వాలి. వివరాలను ఆమె మాటల్లోనే నమోదు చేసి, 181 గురించి, సఖి కేంద్రం గురించి తెలపాలి. ఇంటికి వెళ్తే క్షేమమేనా అని అడగాలి. ఆశా కార్యకర్త నుంచి వైద్యాధికారి వరకు అందరూ గోప్యత పాటించాలి. ఆ ఊళ్లో మాట పొక్కితే అది మర్నాటికే కులపెద్దల పంచాయితీ అవుతుంది. సిబ్బంది శిక్షణలో కులవివక్ష పాఠ్యాంశం కావాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఉత్తర్వులిస్తే చాలు.