వైఫై చలివేంద్రం కాదు భాయ్

మా వన్‌టౌన్ గల్లీల్లో ఎక్కడైనా నిలబడి ఫోన్‌లో వైఫై లిస్టు తెరవండి. బారెడు పేర్లు వస్తాయి. ఒకటి రెండింటి పక్కన తాళం బొమ్మే ఉండదు. తాళం ఉన్నవాటిలో కూడా చాలా ఇళ్ల పాస్‌వర్డ్ ఇంటాయన మొబైల్ నంబరే. అదేంటి చాచా అని అడిగితే ఒకటే జవాబు: "పోనీ లేరా, పడోసి పిల్లలు వాడుకుంటారు. మనకేం తరిగిపోతుంది? సదఖా అనుకో, సవాబ్ వస్తుంది."

ఈ మాట దగ్గరే నాకు పేచీ.

ఎండాకాలంలో పూర్ణా మార్కెట్ దగ్గర కుండ పెట్టి నీళ్లు పోస్తే అది సదఖాయే. ఆ నీళ్లు తాగినవాడు అటు వెళ్లి జేబు కొట్టినా, పోలీసులు కుండ పెట్టినవాడి దర్వాజా కొట్టరు. వైఫై సంగతి అలా కాదు. మీ ఇంట్లో రౌటర్ వెనక ఎన్ని ఫోన్లున్నా, ఎవరి ఫోన్లున్నా, బయటి దునియాకి కనిపించేది ఒక్క ఐపీ అడ్రస్. ఆ అడ్రస్ ఫలానా తేదీన, ఫలానా టైముకి ఎవరి దగ్గరుందో కంపెనీ లాగుల్లో ఉంటుంది. అక్కడ రాసుండేది మీ పేరు, మీ ఆధార్, మీ ఇంటి నంబరు. మెట్ల కింద కూర్చుని వాడినవాడి పేరు ఎక్కడా ఉండదు. పైగా ఇప్పుడు చాలా కంపెనీలు ఒకే ఐపీని ఎన్నో ఇళ్లకు కలిపి పంచుతున్నాయి. లాగులో పోర్టు నంబరో టైమో సరిగ్గా చూడకపోతే ఇంకో ఇంటి తలుపే తట్టొచ్చు. కుండలో నీళ్లకి గవాహీ అక్కర్లేదు. దీనికి కావాలి, ఆ గవాహీ మీకే ఖిలాఫ్.

2008 జులై 26 గుర్తుందా? అహ్మదాబాద్‌లో వరుస బాంబులు పేలి యాభై మందికి పైగా చచ్చిపోయిన రోజు. పేలడానికి కొద్ది నిమిషాల ముందు మీడియా ఆఫీసులకి ఒక ఈమెయిల్ వెళ్లింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు వెళ్లింది నవీ ముంబైలో సాన్‌పాడాలోని ఒక ఫ్లాట్‌కి. అందులో ఉన్నది ఒక అమెరికన్. ఆయన వైఫైకి తాళం లేదు. కంప్యూటర్లు పట్టుకెళ్లారు, సవాళ్ల మీద సవాళ్లు వేశారు. చివరికి ఆయనకేం సంబంధం లేదన్నారు. ఈలోపే, లుకౌట్ నోటీసు ఉండగానే, ఆగస్టులో ఆయన విమానమెక్కి తన ముల్కుకి వెళ్లిపోయాడు. అదే ఆగస్టులో ఇంకో మెయిల్ ముంబై మాటుంగాలోని ఖాల్సా కాలేజీ నెట్‌వర్క్ నుంచి పోయింది. సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్లప్పుడు చెంబూరులో ఒక కంపెనీ వైఫై. మూడుసార్లూ వాడింది పరాయి వాళ్ల నెట్టే. ఆ జాలిమ్‌లు మా పేరు పెట్టుకుని రాశారు, పరాయి వాళ్ల తలుపులోంచి పంపారు. మరుసటి సంవత్సరం టెలికాం శాఖ వైఫైని భద్రం చేయించమని ఇంటర్నెట్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. ఆదేశాలు కాగితం మీద ఉన్నాయి. మన గల్లీలో తాళాలు ఇంకా లేవు.

ఇప్పుడు కొంచెం ఆలోచించండి. సాన్‌పాడాలో ఉన్నది అమెరికన్ కాబట్టి విమానమెక్కాడు. ఆయన బేకసూరే, వెళ్లడం ఆయన నసీబు, నాకేం హసద్ లేదు. ఆ ఫ్లాట్‌లో అద్దెకున్నది అల్లిపురం నుంచి ఉద్యోగానికి వెళ్లిన మన కుర్రాడైతే? అహ్మదాబాద్ కేసులో 2022 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. 49 మందిని దోషులన్నారు, 28 మందిని వదిలేశారు. పదమూడేళ్ల తర్వాత వచ్చిన మాట అది. హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన మన పిల్లలు నిర్దోషులుగా బయటికొస్తే సర్కారే పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. వాళ్ల జవానీకి లెక్క ఎవరు చెప్పారు?

ఇక మనది ఏ షహర్? తూర్పు నావికాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న షహర్. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కునగరం, రిఫైనరీ. 2019 డిసెంబరులో గూఢచర్యం కేసులో నేవీ వాళ్లని పట్టుకుంటే ఆ ఆపరేషన్‌కి పెట్టిన పేరు మన డాల్ఫిన్స్ నోస్ కొండదే. ఇలాంటి ఊళ్లో గేటు తీసి పడుకోవడం ఖైరాత్ కాదు, గఫ్లత్.

నాతో బహస్ చేసేవాళ్లు ఇద్దరున్నారు. మొదటివాళ్లు చదువుకున్నవాళ్లు. బ్రూస్ ష్నైయర్‌ని తెస్తారు. ఆయన భద్రతా రంగంలో పెద్ద పేరు, కాదనను. 2008 జనవరిలో, అహ్మదాబాద్‌కి ఆరు నెలల ముందు, తన ఇంటి వైఫైకి తాళం వేయనని రాశాడు. ఇంటికొచ్చిన మెహమాన్‌కి చాయ్ ఇచ్చినట్టే ఇదీ అన్నది ఆయన వాదం. ఆయనకి చెల్లుతుంది భాయ్. పోలీసులు తలుపు తట్టినప్పుడు పేరు ష్నైయర్ అని చెప్పుకునేవాడి ఇత్మీనాన్ వేరు, షేక్ అని చెప్పుకునేవాడిది వేరు.

రెండోవాళ్లు జజ్బాతీ మనుషులు. "తప్పు షక్ చేసేవాడిది. మనం ఎందుకు భయపడి బతకాలి? ఇన్‌సాఫ్ అడగాలి గానీ తాళాలేంటి?" అంటారు. మాటలో సచ్చాయీ ఉంది. ఇన్‌సాఫ్ నేనూ అడుగుతున్నాను, గట్టిగానే. కానీ ఇన్‌సాఫ్‌కి పదమూడేళ్లు పడుతోంది, రౌటర్‌లో పాస్‌వర్డ్ మార్చడానికి పది నిమిషాలు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది.

మరి ముఫ్త్‌గా వాడేవాళ్ల మాటేంటి? తాళం లేకపోతే ఇజాజత్ ఉన్నట్టేనా? సూరా నూర్ చదివిన మనకి ఇంకొకరి ఇంట్లోకి ఇజాజత్ లేకుండా అడుగు పెట్టకూడదని వేరే చెప్పాలా? తలుపు తీసి ఉందని ఖాలా వంటింట్లోకి దూరి పతీలా మూత తీస్తామా? దునియా కానూన్ కూడా అదే అంటోంది. ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా అతని నెట్‌వర్క్‌లో చొరబడటం తప్పు. బేఈమానీతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జుర్మానా. పైగా ఆ తాళం లేని నెట్ నిజంగా పక్కింటిదేనని మీకెలా తెలుసు? జగదాంబ సెంటర్‌లో ఎవడో తన ఫోన్ హాట్‌స్పాట్‌కి "ఫ్రీ వైఫై" అని పేరు పెట్టి కూర్చోవచ్చు. మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో వాడికి చాలావరకు కనిపిస్తుంది. నకిలీ లాగిన్ పేజీ చూపిస్తే పాస్‌వర్డు మీరే టైప్ చేసి ఇస్తారు.

అసలు కోపం నాకు కనెక్షన్ పెట్టడానికొచ్చే కంపెనీ కుర్రాళ్ల మీద. పాపం వాళ్లకీ రోజుకి ఇన్ని ఇళ్లని లెక్క. గోడకి కన్నం వేస్తారు, పెట్టె తగిలిస్తారు, యూట్యూబ్ ఆడిందా, సంతకం పెట్టండి. రౌటర్‌కి అడ్మిన్, అడ్మిన్ అనే చాబీ అలాగే ఉంటుంది. గేటుకి గోద్రెజ్ తాళం, పెరటి తలుపుకి పురికొస. బంధువుల ఇళ్లలో దావత్‌కి వెళ్తే భోజనం తర్వాత నాకు అప్పజెప్పే పని ఇదే. ముందు ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ మారుస్తాను. డబ్ల్యూపీఏ2 గానీ, రౌటర్‌లో ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ పెడతాను. డబ్ల్యూఈపీ అనేది 2001లోనే పగిలిపోయిన తాళం, అది కనిపిస్తే ఆ రౌటర్‌నే పారేయమంటాను. డబ్ల్యూపీఎస్ ఆపేస్తాను. దాని ఎనిమిది అంకెల పిన్ పేరుకే ఎనిమిది, పదకొండు వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. నెట్‌వర్క్ పేరు దాచేస్తే చాలనుకునేవాళ్లున్నారు. అది కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తెలివి. పాస్‌వర్డ్ మాత్రం ఫోన్ నంబరు వద్దు, బిడ్డ పేరు పక్కన పుట్టిన సంవత్సరమూ వద్దు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టండి.

హమ్‌సాయా హఖ్ మాటేమిటంటారా? ఇవ్వండి, ఎవరు వద్దన్నారు. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది. పక్కింటి పాపకి పరీక్షలుంటే వాళ్ల అమ్మీని పిలిచి, ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి చేతికివ్వండి. పరీక్షలయ్యాక మార్చేయండి. చాయ్ దుకాణం పెట్టుకుని పది మందికి నెట్ ఇవ్వాలంటే 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన పీఎం-వాణి ఉంది. దుకాణదారుకి లైసెన్సు అక్కర్లేదు, వచ్చినవాడు తన నంబరుతో లాగిన్ అవుతాడు, వాడి లెక్క వాడిది. పేరు తెలిసినవాళ్లకి, పేరు చెప్పినవాళ్లకి ఇవ్వండి. మెట్ల కింద చీకట్లో కూర్చున్నవాడికి మీరేమీ బాకీ లేరు.